గుండ్రటి తాళానికి ఏది మేలు: సూదుల పిక్కా, టెన్షన్ టూలూ పుల్లా, లేక మూడింటి చవక సెట్టా?

ట్యూబులర్ తాళం (గొట్టం లాంటి చెవి ఉండే గుండ్రటి తాళం) పిక్ చేయడం, అంటే చెవి లేకుండా టూల్స్‌తో తెరవడం, నేర్చుకోవాలి, ఏ టూల్ కొనమంటారు అని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది, టూల్ సంగతి తర్వాత, ముందు తాళం కొనండి అని. తాళం చేతిలో లేకుండా, దాని మూతి కొలత తెలియకుండా పిక్ తెప్పించుకున్నవాళ్ల సొరుగుల్లో వాడని పిక్కులే ఎక్కువ. మామూలు పిన్ను తాళమైతే పిన్నులు లేపే వంపు పుల్ల (హుక్కు) ఒకటి, తిప్పుతూ ఒత్తిడి పెట్టే టెన్షన్ రెంచి ఒకటి ఉంటే చాలు, ఏ కంపెనీది దొరికినా పట్టుకుని కూర్చోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, గొట్టం అర మిల్లీమీటరు తేడా వస్తే అసలు దిగదు, ఒకవేళ వదులై దిగినా సూదులు పిన్నుల తలల మీద కాక పక్కన కూర్చుంటాయి.

ఏ తాళం గురించి మాట్లాడుతున్నానో పోల్చుకోలేనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన ఇళ్లలో ఇది తక్కువ. మనం పెరిగింది అలీగఢ్ నుంచి వచ్చే లీవర్ తాళాలతో, కప్పలతో, ఇనప్పెట్టె తాళాలతో. గుండ్రటి తాళం ఎక్కువగా కనిపించేది కూల్‌డ్రింకుల వెండింగ్ మెషీన్ తలుపు మీద, అలారం ప్యానెల్ మీద, ఆఫీసులో ల్యాప్‌టాప్‌ను బల్లకు కట్టేసే కేబుల్ చివర. కాస్త వయసున్నవాళ్లకు పాత 386, 486 కంప్యూటర్ల ముందు భాగంలో ఉండే గుండ్రటి కీ గుర్తుండాలి. 1984లో ఐబీఎం తెచ్చిన ఏటీ మోడల్‌కు ఆ తాళం ఉండేది, తర్వాత దాన్ని చూసి కేబినెట్లు చేసినవాళ్లంతా పెట్టారు. ఆ కీని ఎవరైనా నిజంగా వాడారా అంటే చెప్పలేను గానీ, పోగొట్టనివాళ్లు మాత్రం అరుదు.

ఇక లోపలి సంగతి. మామూలు తాళంలో పిన్నులు ఒక వరసలో ఉంటాయి, తాళంచెవి దూరి ఒక్కోదాన్ని కావాల్సినంత ఎత్తుకు లేపుతుంది. ట్యూబులర్‌లో అవే పిన్నులు, ఎక్కువగా ఏడు, మధ్యలో ఉన్న కడ్డీ చుట్టూ గుండ్రంగా ఉంటాయి, వాటి తలలు నేరుగా మనవైపు చూస్తుంటాయి. చెవి ఒక చిన్న గొట్టం, దాని అంచున వేర్వేరు లోతుల్లో గాట్లు, తోసినప్పుడు ఒక్కో గాటు తన ఎదురుగా ఉన్న పిన్నును అంతమేరకే లోపలికి నొక్కుతుంది. ప్రతి పిన్నూ నిజానికి రెండు ముక్కలు. ముందుది చెవికి తగులుతుంది, వెనకదాన్ని స్ప్రింగు తోస్తుంటుంది. ఆ రెండు ముక్కలు కలిసేచోటు, తిరిగే భాగమూ తిరగని భాగమూ కలిసే గీత (షియర్ లైన్ అంటారు) మీదికి సరిగ్గా వస్తే ఆ పిన్ను అడ్డు తొలగినట్టే, ఏడూ అలా తొలిగితే తాళం తిరుగుతుంది.

లెక్కలో చూస్తే గట్టి తాళమే. ఈ రకంలో పేరున్న అమెరికన్ తాళం షికాగో ఏస్ కొలతల్లో ఒక్కో పిన్నుకు 8 లోతులు, మెట్టుకూ మెట్టుకూ తేడా సుమారు 0.4 మిల్లీమీటరు. ఏడు పిన్నులంటే 20 లక్షలకు పైగా కాంబినేషన్లు. కానీ పిక్ చేసేవాడికి ఈ 20 లక్షలతో పనిలేదు. ఏ తాళంలోనూ రంధ్రాలు అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండవు, కొద్దిగా తిప్పుతూ ఒత్తిడి పెడితే ఏడింటిలో ఏదో ఒకటి ముందుగా బిగుసుకుంటుంది, దాన్ని సరిచేస్తే ఇంకోటి బిగుసుకుంటుంది. ఒకసారికి ఒక పిన్నుతోనే వ్యవహారం. మనం పోల్చబోయే టూల్స్ అన్నీ ఈ ఒక్క లోపాన్ని వాడుకునేవే, వాడుకునే తీరులోనే తేడా.

సూదుల పిక్

ట్యూబులర్ పిక్ అనగానే అందరూ అనుకునేది ఇదే. చెవి లాంటి గొట్టం, దాని చుట్టూ గాళ్లలో ఏడు సన్నటి ఉక్కు సూదులు, ఫీలర్లు అంటారు. వాటిని పట్టి ఉంచడానికి ఒక రబ్బరు రింగు గానీ, మరతో బిగించే కాలర్ గానీ ఉంటుంది. సౌత్‌ఆర్డ్, పీటర్సన్, హెచ్‌పీసీ లాంటి అమెరికన్ కంపెనీల పిక్కులన్నీ ఈ పద్ధతివే, పట్టు విధానంలో, పనితనంలో తేడాలు తప్ప.

ఇది పనిచేసే కిటుకు తెలిస్తే ఏది మంచిదో మీరే చెప్పగలరు. సూదులన్నీ ముందుకు తెచ్చి, గొట్టం అంచుకు సమానంగా పెట్టి, తాళంలోకి దూర్చి, కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ నొక్కుతారు. వదులుగా ఉన్న పిన్ను వెనక ఉన్నది స్ప్రింగు బలం మాత్రమే, కాబట్టి సూది దాన్ని లోపలికి నెట్టేస్తుంది. బిగుసుకున్న పిన్ను మాత్రం కదలదు, అక్కడ పిన్నుకు బదులు సూదే వెనక్కి జారాలి. అంటే సూదిని పట్టి ఉంచే బలం స్ప్రింగు కంటే కాస్త ఎక్కువ ఉండాలి, బిగుసుకున్న పిన్ను ఎదురుతోపు కంటే తక్కువ ఉండాలి. ఈ రెండింటి మధ్య చోటు సన్నటిది. మొత్తం టూల్ మంచీ చెడ్డా ఆ చోటులోనే తేలుతుంది, హ్యాండిల్ రంగూ పెట్టె అందమూ చూసి మోసపోవద్దు.

రబ్బరు రింగు ఉన్న పిక్కుల్లో ఈ పట్టును మనం మార్చలేం, ఇంకో రింగు తొడగడం, ఉన్నది తీసేయడం తప్ప. ఎండాకాలం మన ఊళ్లలో కబోర్డులో పడేస్తే రబ్బరు మెత్తబడి, కొన్నాళ్లకు పగిలి, పట్టు పోతుంది. కాలర్ ఉన్నదాంట్లో వేలితో తిప్పి బిగించుకోవచ్చు, వదులు చేయవచ్చు, తాళాన్ని బట్టి మార్చుకోవచ్చు. తాళం తెరుచుకున్నాక పూర్తిగా బిగిస్తే సూదులు ఉన్నచోటే నిలబడిపోతాయి, ఆ పిక్కే ఆ తాళానికి చెవి అయిపోతుంది, కావాల్సినన్నిసార్లు తెరవొచ్చు మూయొచ్చు. రబ్బరుదానికి ఈ సుఖం లేదు, పొరపాటున వేలు తగిలితే ఒక సూది జరిగిపోతుంది, చేసిన పని పోతుంది. డబ్బులు కాస్త ఎక్కువైనా నా ఓటు కాలరుకే.

పట్టు సరిచూసుకోవడానికి కొత్తవాళ్లు తాళంలో దూర్చి చూస్తారు, అది తిప్పలు. ముందు బయటే చూడండి. పిక్ మూతిని గాజు పలక మీదో, ఉక్కు స్కేలు మీదో నిటారుగా నొక్కితే సూదులన్నీ అంచుతో సమం అవుతాయి. ఇప్పుడు ఒక్కో సూదిని గోటితో వెనక్కి తోయండి. ఏడూ ఒకేలా, బరువుగా, గీసుకోకుండా కదలాలి. ఒకటి సులువుగా జారిపోయి ఇంకోటి మొండికేస్తుంటే, ఆ పిక్‌తో మీరు ఎంత నేర్పు చూపినా ఆ మొండిది పిన్నును అతిగా లోపలికి నెట్టేస్తుంది, జారిపోయేది నెట్టాల్సిన పిన్నును నెట్టదు. అలాంటిది చేతికొస్తే ఆ సూది తీసి గాడిని శుభ్రం చేసి, సూది అంచు సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ చూడండి. చాలావరకు కుదురుతుంది.

తాళంలో పెట్టాక అందరూ చేసే పని గట్టిగా తిప్పడం. తిప్పే బలం ఎక్కువైతే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకుంటాయి, సూదులన్నీ ఒకేలా వెనక్కి పోతాయి, మీకు వచ్చే సమాచారం సున్నా. రెండు వేళ్లతో పట్టుకుని, మణికట్టు కదలకుండా, తాళం మీద ఉన్న దుమ్మును ఊదినంత తేలిగ్గా ఆడించాలి. ఎడమకు కొంచెం, కుడికి కొంచెం, నొక్కు మాత్రం వదలకుండా. ఒక్కో పిన్ను కుదిరినప్పుడు పిక్ అర వెంట్రుకంత లోపలికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది, చెవికి వినిపించదు. చివరి పిన్ను కుదరగానే చప్పుడేమీ లేకుండా తాళం తిరిగిపోతుంది, మొదటిసారి తిరిగినప్పుడు తాళం పాడైపోయిందేమోనని చాలామంది కంగారు పడతారు.

టెన్షన్ టూలూ పుల్లా

రెండో దారి, పిన్ను తర్వాత పిన్ను చేత్తో పిక్ చేయడం. దీనికి కావాల్సింది రెండు వస్తువులు. తిరిగే భాగం గాడిలో పట్టుకుని ఒత్తిడి పెట్టే ట్యూబులర్ టెన్షన్ టూల్ ఒకటి, పిన్నులను నొక్కడానికి సన్నటి పుల్ల ఒకటి. పిన్నుల తలలు కళ్ల ముందే ఉంటాయి కాబట్టి ఇక్కడ వంపు హుక్కులతో పనిలేదు, చివర చదునుగా ఉన్న సన్న ఉక్కు పుల్ల చాలు. ఖర్చు సూదుల పిక్‌లో నాలుగో వంతు కూడా ఉండదు, తాళం వ్యాసంతో పట్టింపు కూడా తక్కువ, ఒకే టూల్ చాలా సైజులకు సరిపోతుంది. ఏడు పిన్నులా ఎనిమిదా అన్న బాధ అంతకంటే లేదు.

నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు అంటాను. ఒత్తిడి పెట్టి పుల్లతో ఒక్కో పిన్ను తాకుతూ పోతే ఏది స్ప్రింగులా ఆడుతోంది, ఏది రాయిలా ఉంది వేలికి నేరుగా తెలుస్తుంది. రాయిలా ఉన్నదాన్ని మెల్లగా నొక్కితే చిన్న టిక్కు, తిరిగే భాగం కాస్తంత జరుగుతుంది, తర్వాత మళ్లీ వెతుకులాట. సూదుల పిక్ లోపల జరిగేదంతా ఇక్కడ మీ చేతుల్లో జరుగుతుంది. దీనితో కొన్నాళ్లు గడిపినవాడికి తర్వాత సూదుల పిక్ ఇస్తే పట్టు ఎంత పెట్టాలో చెప్పక్కర్లేదు.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? ఇక్కడే ఉంది అసలు చిక్కు. ఏడు పిన్నులూ కుదిరి తాళం తిరగడం మొదలెట్టగానే, దాదాపు 51 డిగ్రీలు తిరిగాక, ఒక్కో రంధ్రం పక్క పిన్ను ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వెనక స్ప్రింగులు ఊరుకుంటాయా, టపటపా పిన్నులన్నీ మళ్లీ దిగిపోతాయి, తాళం ఆగిపోతుంది. మళ్లీ మొదటినుంచి ఏడు పిన్నులు. తాళం పావు చుట్టు తిరిగితే తెరుచుకునేదైతే రెండుసార్లు పిక్ చేయాలి, అర చుట్టు అయితే నాలుగుసార్లు, పూర్తి చుట్టు అయితే ఏడుసార్లు. సూదుల పిక్‌కు ఈ బాధ లేకపోవడానికి కారణం సూదులు చెవి గాట్లలా అక్కడే నిలబడి ఉండటం, పిన్నులు దిగడానికి చోటివ్వవు. ఎక్కువ తిరగాల్సిన తాళం మీద ఈ పద్ధతి ప్రయత్నించినవాళ్లలో ఓపిక చచ్చినవాళ్లు చాలామంది. క్యామ్ తాళమే (కబోర్డులకు వాడే రకం, చెవి తిప్పితే వెనకున్న చిన్న పట్టీ తిరుగుతుంది), అదీ పావు చుట్టుదే, ఈ దారికి తగినది.

ఇంకో సంగతి కూడా ఎవరూ ముందు చెప్పరు. రెండోసారి పిక్ చేయకుండా మధ్యలో విసిగిపోయి వదిలేస్తే తాళం 51 డిగ్రీల దగ్గర ఇరుక్కుని ఉంటుంది. చెవి మీద బయటికి పొడుచుకొచ్చిన బొడిపె తాళం మూతిలో ఉన్న గాడిలోంచే దిగాలి, లోపలి గాడి పక్కకు జరిగిపోయింది కాబట్టి సొంత చెవి కూడా దిగదు. ముందుకో వెనక్కో మళ్లీ పిక్ చేసి మొదటి చోటికి తేవాలి తప్ప వేరే దారి లేదు. అందుకే చేత్తో చేయాలనుకుంటే వాడకంలో ఉన్న తాళం మీద అస్సలు వద్దు. ఆఫీసు ల్యాప్‌టాప్ కేబుల్ మీద ప్రాక్టీసు చేసి సాయంత్రం ఐదింటికి ల్యాప్‌టాప్ బల్లకే ఉండిపోయిందంటే ఐటీ వాళ్లకు మీరేం చెబుతారు?

మూడింటి చవక సెట్

ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేది ఇదే. నల్లటి చిన్న సంచిలో మూడు పిక్కులు, 7.0, 7.5, 7.8 మిల్లీమీటర్లు, మూడూ కలిపి ఒక మంచి పిక్ ధరలో సగానికి తక్కువ. మూడు సైజులూ చేతికొచ్చేశాయి కదా, ఏ తాళమైనా ఒకటి కుదురుతుందిలే అనిపిస్తుంది. ఆ ఆలోచన తప్పేం కాదు. అమెరికన్ స్టాండర్డ్ తాళాలకు 7.8 సరిపోతుంది, చిన్న చైనా క్యామ్ తాళాలకు మిగతా రెండూ పనికొస్తాయి.

అయితే నేను కొన్న సెట్‌లో ఒకదాని సూదులు మూతి దగ్గర నిటారుగా లేవు, రెండు సూదులు గాడిలో అడ్డంగా ఇరుక్కుని, తోస్తే వంగాయి. ఉక్కు మెత్తది, ఒకసారి వంగిన సూది మళ్లీ సరిచేసినా నిలవదు. మిగతా రెండూ కొంత మెరుగు. అసలు చికాకు ఏంటంటే ఇలాంటివాటితో తాళం తెరుచుకోకపోతే లోపం ఎక్కడుందో కొత్తవాడికి తెలియదు, చేతిలోనా, టూల్‌లోనా, తాళంలోనా? మూడింట్లో ఏదో తెలియనప్పుడు నేర్చుకోవడం ఆగిపోతుంది. చేయి తిరిగినవాడు ఇవే పిక్కులు తీసుకుని, సూదులు రుద్ది, రింగులు మార్చి, పని రాబట్టుకుంటాడు, వాళ్లు ఇది చాలు అని రాస్తే నిజమే, వాళ్లకు చాలు. మొదటి పిక్‌గా మాత్రం నేను వద్దంటాను.

ధరల లెక్క కూడా చూడండి. పేరున్న పిక్ అమెరికాలో యాభై డాలర్లు, అంతకు పైన. ఇండియాకు తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిసి ఇంకా ఎక్కుతుంది. చవక సెట్ దానిలో చిన్న వంతు. కానీ చవక సెట్ కొని, విసిగి, ఆరు నెలల తర్వాత మంచిది కొన్నవాళ్ల ఖర్చు రెండూ కలిపి. అసలు ఇంత హాబీకి అంత ఖర్చెందుకు అనిపిస్తే చవక సెట్ వైపు కాకుండా టెన్షన్ టూల్ వైపు వెళ్లండి, డబ్బు కూడా మిగులుతుంది, చేయి కూడా తిరుగుతుంది.

కొనేముందు తాళం మూతిలోకి చూడండి

పిన్నులు లెక్కపెట్టండి. ఏడు ఉండటం ఎక్కువ, ఎనిమిది ఉన్నవీ ఉన్నాయి. ఏడు సూదుల పిక్ ఎనిమిది పిన్నుల తాళానికి పనికిరాదు, ఒక్కటే కదా తేడా అనుకోవద్దు, గుండ్రంలో ఒకటి పెరిగితే మిగతా అన్నింటి చోటూ మారిపోతుంది. తర్వాత గాడి ఎక్కడుందో చూడండి. పిన్నుల అమరికతో పోలిస్తే అది నడిమిలో ఉంటే సెంటర్ రకం, పక్కకు జరిగి ఉంటే ఎడమ లేదా కుడి ఆఫ్‌సెట్ రకం. కంపెనీలు ఈ మూడు రకాలకూ వేర్వేరు పిక్కులు అమ్ముతాయి, సౌత్‌ఆర్డ్ లాంటి వాళ్ల దగ్గర సెంటర్‌ది ఒకటి, ఆఫ్‌సెట్‌ది ఒకటి అని విడిగా దొరుకుతాయి. మీ దగ్గరున్న తాళం సెంటర్ అయితే సెంటర్‌ది ఒక్కటే కొనండి, ఆఫ్‌సెట్ తాళం ఎప్పుడో దొరుకుతుందేమోనని ముందుగా కొని పెట్టుకునే అవసరం లేదు. దొరకదు, నన్ను నమ్మండి.

స్ప్రింగులు కూడా అన్నీ ఒకేలా ఉండకపోవచ్చు. కొన్ని తాళాల్లో ఒకటో రెండో పిన్నులకు గట్టి స్ప్రింగు వేస్తారు, కొన్నింట్లో నడుము సన్నబడ్డ స్పూల్ పిన్నులు పెడతారు. గట్టి స్ప్రింగుకు సూదుల పట్టు పెంచితే మెత్తటి స్ప్రింగు పిన్నులు అతిగా లోపలికి పోతాయి, తగ్గిస్తే గట్టిది అసలు కదలదు. కాలర్ పిక్‌తో కూడా ఇక్కడ చాలాసేపు పడుతుంది. ఇలాంటి తాళానికే చేతి పద్ధతి గెలుస్తుంది, గట్టిది ఏదో పుల్లకు ముందే తెలిసిపోతుంది కాబట్టి దాని లెక్క దానికి వేసుకోవచ్చు. సూదుల పిక్ ఏడింటికీ ఒకటే లెక్క వేస్తుంది.

పెన్ను కథ, కోర్టు కథ

ఈ తాళాల గురించి ఎవరు మాట్లాడినా పెన్ను కథ రాకుండా ఉండదు. 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ కంపెనీ సైకిల్ తాళాన్ని బిక్ బాల్‌పెన్ను గొట్టంతో తెరవొచ్చని ఒక సైకిల్ ప్రియుడు ఇంటర్నెట్‌లో చూపించాడు. అది దావానలంలా పాకింది, కంపెనీ పెద్ద సంఖ్యలో తాళాలను ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది, గుండ్రటి చెవి రకాన్నే పక్కన పెట్టింది. పెన్ను ఎందుకు పనిచేసిందో ఇప్పటికి మీకు తెలిసిపోయి ఉండాలి. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం, సరిగ్గా ఆ వ్యాసం, పిన్నుల కింద నలిగి ఒక్కో పిన్నుకు ఒక్కో లోతు పడింది. సూదుల పిక్ చేసే పనే, సూదులు లేకుండా. స్ప్రింగులు మెత్తవీ సమానమైనవీ కాబట్టి ప్లాస్టిక్‌కు అంత బలం చాలింది. ఇప్పుడొచ్చే మంచి తాళాల మీద పెన్ను పెట్టడం వల్ల పెన్ను పాడవుతుంది, అంతే. పెన్నును టూల్‌గా ఈ పోలికలో చేర్చమనే మిత్రులకు నా జవాబు ఇది.

దానికంటే నాకు ఇష్టమైన కథ కోర్టుది. షికాగో లాక్ కంపెనీ ‘ఏస్’ పేరుతో ఈ తాళాలను 1933 నుంచి అమ్ముతూ వచ్చింది. చెవి నకలు దొరక్కపోవడమే వాళ్ల అమ్మకపు బలం. చెవి పోగొట్టుకున్నవాడు కంపెనీకి రాయాలి, లేదా తాళాల పనివాడిని పిలిపించుకోవాలి, అతను పిక్ చేసి, పిక్ మీద పడిన లోతులు చదివి, కొత్త చెవి కోసిస్తాడు. అలా ఏళ్ల తరబడి తాళాల పనివాళ్లు పోగేసుకున్న లోతుల వివరాలను తాళం సీరియల్ నంబర్లతో జోడించి, ఫాన్‌బర్గ్ అనే తండ్రీకొడుకులు 1976లో పుస్తకంగా వేశారు. కంపెనీ వ్యాపార రహస్యం దొంగిలించారని దావా వేసింది, కింది కోర్టులో గెలిచింది. 1982లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసింది, తాళం కొన్నవాడు తన తాళాన్ని తాను పరిశీలించి దాని కోడ్ తెలుసుకోవడం దొంగతనం కాదని. సూదుల పిక్ తాళం తెరవడంతో పాటు తాళం రహస్యాన్ని కొలిచి చెబుతుంది కూడా, ఆ కేసు వెనక ఉన్న పని అదే.

అందుకే మంచి పిక్‌తో ఒక డీకోడర్ కూడా ఇస్తారు, గీతలున్న చిన్న ఉక్కు పలక. కాలర్ బిగించి, పిక్ బయటికి తీసి, ఒక్కో సూది ఎంత వెనక్కి పోయిందో దాని మీద పెట్టి చదవొచ్చు. దాన్ని మీ తాళం అసలు చెవితో పోల్చి చూడండి, అద్భుతమైన పాఠం. అచ్చంగా సరిపోదు, అక్కడక్కడా ఒక మెట్టు అటో ఇటో ఉంటుంది, ఎందుకంటే తాళంలో ఉన్న వదులు ఆ మేరకు క్షమిస్తుంది. ఆ తేడా ఎంత పెద్దదైతే మీ తాళం అంత నాసిరకం అన్నమాట. గుండ్రటి చెవులు కోసే మెషీన్లు కూడా అమ్ముతారు, హెచ్‌పీసీది ఒకటి పేరున్నది, కానీ అది తాళాల వ్యాపారం చేసేవాడికి, హాబీకి అక్కర్లేదు.

మన తాళాల పనివాళ్ల లెక్క వేరు. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద చెవులు చేసే ఒకాయన్ను గుండ్రటి తాళం గురించి అడిగితే, తెరవడం కంటే డ్రిల్ పెట్టడమే లాభమని, ఆ టైములో నాలుగు బైకు కీలు చేసుకోవచ్చని నవ్వేశాడు. ఆయన మాట నిజం. పిన్నులన్నీ ఒకేసారి కోసేసే గుండ్రటి రంపపు బిట్ కూడా దొరుకుతుంది, తాళం పోతే పోయింది తలుపు తెరుచుకోవాలి అనుకునే పనికి అదే మేలు. మనది పనికాదు కదా, ఆటే.

ఎక్కడుంటే ఏమవుతుంది

వాడే నియమాలు రెండే, ప్రపంచంలో ఏ పిక్కర్ల సంఘాన్ని అడిగినా ఇవే చెబుతారు: మీది కాని తాళం ముట్టొద్దు, మీదైనా వాడకంలో ఉన్న తాళం ముట్టొద్దు. చట్టం మాత్రం ఊరూరికీ వేరు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో పిక్కులు కలిగి ఉండటం నేరం కాదు, చెడు ఉద్దేశం ఉందని పోలీసులే నిరూపించాలి. వర్జీనియా, ఒహాయో, నెవాడా, మిసిసిపీల్లో లెక్క తిరగబడుతుంది, టూల్స్ దగ్గరుంటే ఉద్దేశం ఉన్నట్టే మొదట అనుకోవచ్చు, లేదని మీరు చెప్పుకోవాలి. ఉత్తర వర్జీనియాలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, అక్కడ కారు డిక్కీలో పిక్ సంచి వేసుకుని తిరగొద్దు, ఇంట్లో బల్ల మీదే ఉంచండి. జపాన్‌కు ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు అసలే తీసుకెళ్లొద్దు, 2003లో వచ్చిన చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా ఇలాంటివి దగ్గరుంచుకోవడమే నేరం. మన దగ్గర ఇంట్లో హాబీగా వాడితే ఎవరూ అడగరు గానీ, రాత్రి రోడ్డు మీద పోలీసు ఆపి సంచి తెరిపిస్తే మీ హాబీ గురించి మీరిచ్చే ఉపన్యాసం ఆయనకు నచ్చుతుందని నేను హామీ ఇవ్వలేను.

నా ఓటు

పక్కపక్కన పెట్టి చూస్తే, నేర్చుకోవాలన్న కోరిక ఉండి, ఖర్చు తక్కువ కావాలంటే టెన్షన్ టూలూ పుల్లా, పావు చుట్టు తిరిగే ఒక క్యామ్ తాళం. దాంతో మూడు నాలుగు వారాలు. ఆ తర్వాత కూడా ఈ తాళాల మీద మోజు ఉంటే కాలర్ ఉన్న ఏడు సూదుల సెంటర్ పిక్, మీ తాళం కొలత చూసుకుని, ఒక్కటి. ముందుగా పిక్ కొనేస్తే తాళం తెరుచుకుంటుంది కానీ ఎందుకు తెరుచుకుందో తెలియదు, తెలియకపోతే తెరుచుకోనప్పుడు ఏం చేయాలో కూడా తెలియదు. తెరవడం చూపించి మిత్రులతో చప్పట్లు కొట్టించుకోవాలనుకుంటే ఈ వరస తిప్పేయండి, నేరుగా కాలర్ పిక్ కొనండి, అదీ సబబే.

ఎనిమిది సూదులదీ ఆఫ్‌సెట్‌దీ ఇప్పుడే వద్దు. చవక సెట్ ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి, అందులో 7.8 ఉంచుకుని, మిగతా రెండూ విప్పి సూదులు విడిభాగాలుగా పెట్టుకోండి, మంచి పిక్‌లో సూది విరిగితే ఒక్కోసారి అవే అక్కరకొస్తాయి, కొలత కుదిరితే.

తాళం ఏది కొనాలంటే, చెవులు రెండు వచ్చే చిన్న క్యామ్ తాళం ఏదైనా చాలు, ఇనప సామాన్లు అమ్మే పెద్ద కొట్టుల్లో కబోర్డు తాళాల దగ్గర అడగండి, ‘గుండ్రటి చెవిది’ అంటే తీసిస్తారు. కొనేముందు చెవి అంచు చూడండి. గాట్లన్నీ దాదాపు ఒకే లోతులో ఉన్న తాళం వద్దు, ఒకటి లోతు, ఒకటి పైన, ఒకటి మధ్యలో ఉన్నది ఏరుకోండి. తాళం మూతికి నూనె పోయొద్దు, పోస్తే దుమ్ము పట్టి పిన్నులు జిగురుగా కదులుతాయి, అప్పుడు బిగుసుకున్న పిన్నేదో జిగురు పిన్నేదో వేలికి తేడా తెలియదు. గ్రాఫైట్ పొడి దొరికితే చిటికెడు. దొరక్కపోతే పెన్సిల్ ముల్లు గీకి వేసుకోండి, అది చాలు.